అరుగు మీద జీడిపిక్క

సరోజకి ఆ ఇంట్లో జీతం ఇచ్చేది మాట్లాడినందుకే. ఈ సంగతి పలాస దగ్గర వాళ్ల ఊళ్లో చెబితే సగం ఊరు మూటాముల్లే సర్దుకుని ఢిల్లీ రైలెక్కేస్తుంది. గిన్నెలకి ఒకామె వచ్చిపోతుంది, వంటకి ఇంకొకామె. సరోజ పని ఒక్కటే. పొద్దున్న కళ్లు తెరిచిన దగ్గర్నుంచి సాత్విక్‌తో తెలుగులో మాట్లాడుతూ ఉండాలి.

"ఆపకుండా మాట్లాడు సరోజా," అని అరుంధతి మొదటిరోజే చెప్పింది. "బట్టలు మడతపెడుతుంటే మడతపెడుతున్నానని చెప్పు. వాన పడుతుంటే వాన పడుతోందని చెప్పు. వాడికి అర్థం కాకపోయినా ఫరవాలేదు."

అప్పటికి సాత్విక్‌కి నాలుగు నెలలు. బోసినోరు తెరుచుకుని పైకప్పు చూస్తున్న పిల్లాడికి వాన కబురు చెప్పమంటే సరోజకి నవ్వాగలేదు. వారం తిరిగేసరికి అలవాటైపోయింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ పిల్లాడు మాటల పుట్ట అయి కూచున్నాడు.

అరుంధతి ఉద్యోగమే అలాంటిది. ఏ దేశంలో పుట్టిన పిల్లకైనా మొదటి అయిదేళ్లూ తిండితో పాటు మాటా ఆటా ముద్దూ మురిపెం కూడా అందాలని పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థలో ఆవిడ పెద్ద ఆఫీసరు. నెలలో పది రోజులు ఏదో ఒక దేశంలో మీటింగు. భర్త మనోహర్ కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు, ఆయన ఇంటికొచ్చేసరికి పిల్లాడు నిద్రపోతాడు. ఇద్దరిదీ కాకినాడ. వసంత్ కుంజ్‌లో రెండో అంతస్తులో కాపురం. పిల్లాడికి తెలుగు రావాలని ఏరికోరి తెలుగు మనిషిని తెచ్చుకున్నారు. ఢిల్లీలో తెలుగు ఆఫీసర్ల ఇళ్లకి ఇదొక ఆనవాయితీ. ఆవకాయ, గోంగూర, పిల్లల్ని చూసే మనిషి, ఈ మూడూ ఊరి నుంచే రావాలి.

అయితే ఊరి నుంచి మనిషి వస్తే ఆ ఊరి యాస కూడా వస్తుందని వాళ్లు ముందు అనుకోలేదు. ఒకసారి ఇంటికి చుట్టాలొస్తే సాత్విక్ పులిహోర పళ్లెం పక్కకి నెట్టి "ఏటిది? నాకొద్దు, నానొల్లను" అన్నాడు. కాకినాడ నుంచి ఫోన్లో వింటున్న అమ్మమ్మ "ఇదెక్కడి భాషే తల్లీ!" అని తల పట్టుకుంది. సరోజ వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఆమెకి లోలోపల ఎంత గర్వంగా ఉందో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారని?

అదే చిత్రం. రోజంతా మాట్లాడే మనిషికి మాట్లాడడానికి మనిషి లేదు. సాయంత్రం పార్కులో మిగతా ఆయాలంతా ఒక బెంచీ దగ్గర చేరతారు. జార్ఖండ్ వాళ్లు, బెంగాల్ వాళ్లు. "దీదీ, బైఠో" అని జరిగి చోటిస్తారు కూడా. సరోజ కూచుంటుంది. వాళ్లు నవ్వుతారు, ఈమె ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతుంది. కూరగాయలు కొనుక్కునే హిందీ వచ్చింది, ఆటోవాడితో గొడవపడే హిందీ కూడా వచ్చింది. కష్టం చెప్పుకునే హిందీ మాత్రం రాలేదు. కాసేపటికి లేచి సాత్విక్ ఉయ్యాల దగ్గరికి వెళ్లిపోతుంది.

సరోజకీ ఒక పిల్ల ఉంది. పేరు పైడి. మొగుడు చెన్నై పనికెళ్లి అక్కడే ఇంకో కాపురం పెడితే, పదకొండు నెలల పైడిని తల్లి అప్పలనరసమ్మ చేతిలో పెట్టి సరోజ రైలెక్కింది. వచ్చిన కొత్తలో సాత్విక్ ఏడిస్తే ఆమె రొమ్ములు సలిపేవి. స్నానాలగదిలోకి వెళ్లి పాత చీర ముక్క బిగించి కట్టుకుని, మొహం కడుక్కుని వచ్చి, "ఏటి నానా, ఏటయింది?" అని వాడినెత్తుకునేది. పది రోజులకి పాలింకిపోయాయి. ఆ బాధ ఇంకిపోవడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆమెకి ఇప్పటికీ తెలీదు.

"ఒక్క ఆర్నెల్లు ఆగు సరోజా, తర్వాత మీ పాపనీ తెచ్చుకుందువుగాని," అంది అరుంధతి అప్పట్లో. మనసులో అనుకునే అంది. కానీ ఆర్నెల్ల తర్వాత ఏదో పెద్ద మీటింగు వచ్చింది, ఆ తర్వాత మనోహర్‌కి సెక్షన్ మారింది, ఆ తర్వాత ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. మధ్యలో ఒక్కసారి సరోజ ఊరెళ్లింది. పైడి ఆమెని చూసి అమ్మమ్మ వెనక దాక్కుంది. పది రోజులున్నా కొంగు వదిలి రాలేదు. పదకొండో రోజున మూడు వేళ్లు పట్టుకోనిచ్చింది. పన్నెండో రోజున రైలు.

ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంటుంది. అరుంధతి ఆఫీసులో తయారుచేసి, నలుగురికీ పంచేముందు మన ఇంట్లో చూద్దామని తెచ్చి అంటించింది. పిల్లకి రోజూ అందాల్సిన ఆరు పనులు అందులో వరుసగా ఉంటాయి. కథ చెప్పడం, పాట పాడడం, పుస్తకం చూపించడం, బయట తిప్పడం, ఆడించడం, వస్తువుల పేర్లూ లెక్కలూ నేర్పడం. పక్కన మూడు గడులు. అమ్మ, నాన్న, ఇతరులు. ఎవరు చేస్తే వాళ్ల గడిలో టిక్కు పెట్టాలి.

మొదటివారం సరోజ టిక్కులన్నీ నిజాయితీగా "ఇతరులు" గడిలో పెట్టింది. ఆదివారం పొద్దున్న అరుంధతి కాఫీ కప్పుతో ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడింది. ఏమీ అనలేదు. కాఫీ చల్లారిపోయింది. అది చూసి సరోజకి ప్రాణం ఉసూరుమంది. రెండోవారం నుంచి టిక్కులు "అమ్మ" గడిలో పెట్టడం మొదలుపెట్టింది. అరుంధతి అదీ చూసింది, అప్పుడూ ఏమీ అనలేదు. అలా రెండేళ్లుగా ఆ అబద్ధాన్ని ఇద్దరూ కలిసి పిల్లాడి కంటే జాగ్రత్తగా పెంచుకొచ్చారు.

సాత్విక్‌కి అన్నిటికంటే ఇష్టమైంది జీడిపిక్క కథ. ఎవరూ నేర్పింది కాదు, సరోజ సొంతంగా అల్లింది. ఆమె తల్లి జీడిబట్టీలో పిక్కలు కొట్టే పని చేస్తుంది. పిక్కల్లోంచి కారే జీడి తగిలి ఆవిడ వేళ్లు నల్లగా కాలిపోయి ఉంటాయి. చిన్నప్పుడు ఆ వేళ్లు చూస్తూ సరోజ అనుకునేది, అన్ని పళ్లకీ పిక్క కడుపులో ఉంటే జీడిమామిడికెందుకు బయట వేలాడుతుందని. ఆ అనుమానమే కథైంది.

జీడిమామిడి పండుకీ ఒకప్పుడు పిక్క కడుపులోనే ఉండేదట. ఒకరోజు తల్లిపండు ఇల్లు ఊడ్చుకోవాలని, "ఒలే, ఒక్క నిమిసం అరుగు మీద కూకో, దుమ్ము కళ్లల్లో పడతాది," అని పిల్లపిక్కని బయట కూచోబెట్టి తలుపేసింది. అంతలో వాన. రెండు రోజులు, మూడు రోజులు. తలుపు నానిపోయి ఉబ్బి బిగుసుకుపోయింది. లోపల్నుంచి తల్లి తోస్తుంది, రాదు. బయట్నుంచి పిల్ల లాగుతుంది, రాదు. అప్పట్నుంచి తల్లి లోపల, పిల్ల అరుగు మీద. తల్లి మాత్రం తలుపుకి నోరానించి కబుర్లు చెబుతూనే ఉంటుంది, పిల్ల వింటూనే ఉంటుంది.

"తలుపెప్పుడు తీత్తాది, అత్తా?" అని సాత్విక్ ప్రతిసారీ అడుగుతాడు.

"ఎండ కాసినాక. తలుపు ఆరాలి కదేటి," అంటుంది సరోజ.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం, తల్లికి బట్టీ సెలవైన మధ్యాహ్నం, సాత్విక్ పడుకున్నాక, సరోజ ఇంటికి ఫోన్ చేసింది. ఎప్పటిలాగే అప్పలనరసమ్మ ఫోను పైడి చెవి దగ్గర పెట్టింది. ఎప్పటిలాగే అటు నుంచి ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

"మాటాడవే, మీయమ్మ," అని ముసలామె బతిమాలుతోంది. ఊపిరి. కాసేపటికి అదీ లేదు, పిల్ల ఆడుకోవడానికి పోయింది.

"ఒలే సరోజా," అంది తల్లి గొంతు తగ్గించి, "అంగన్వాడీ టీచరమ్మ పిలిసిందే. గుంటకి మూడేళ్లు దాటినా మాట రాలేదంటంది. చెవులు బాగున్నాయంట, డాక్టరమ్మ సూసింది. ఇంటికాడ ఎవరు మాటాడతారూ అని అడిగింది. నానేటి సెప్పీది? పొద్దున్న బట్టీకెల్తే పొద్దుగూకి వొత్తాను. నోరిప్పే ఓపికుండదు. నీకు తెల్దేటి?"

సరోజకి తెలుసు. ఆ బట్టీ నుంచి వచ్చిన తల్లి గోడకి జేరబడి అలాగే నిద్రపోవడం చిన్నప్పట్నుంచీ చూసిందే. తన పిల్లకి ఒక్క మాట పుట్టని ఇంటి నుంచి వచ్చి, తను ఇక్కడ ఇంకొకరి పిల్లాడికి రోజూ గంపలకొద్దీ మాటలు పోస్తోంది. ఆ ఆలోచన రాగానే సరోజ లేచి వెళ్లి, అవసరం లేకపోయినా మడతపెట్టిన బట్టలన్నీ విప్పి మళ్లీ మడతపెట్టింది. ఈసారి మడతపెడుతున్నానని ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం అరుంధతి లాప్‌టాప్ ముందు కూచుని ఉంది. సరోజ టీ తెచ్చి పెట్టింది.

"అమ్మగోరూ, ఒకటడగనా? మూడేళ్లు దాటిన గుంటకి మాటలు రాపోతే ఏటి సెయ్యాలి?"

అరుంధతి తల ఎత్తకుండానే చెప్పింది. ఇలాంటి ప్రశ్నలు ఆవిడని నెలకి వందమంది అడుగుతారు. "ముందు చెవులు చూపించాలి. చెవులు బాగుంటే, ఇంట్లో ఎవరు మాట్లాడుతున్నారో చూడాలి. మొదటి మూడేళ్లూ చాలా ముఖ్యం సరోజా. ఎదురుగా కూచుని, మొహం చూస్తూ, పిల్ల ఊఁ అంటే తనూ ఊఁ అనే మనిషి ఒకరుండాలి. టీవీ, ఫోను లెక్కలోకి రావు. రోజూ ఉండాలి. అదీ ఒకే మనిషైతే..."

అక్కడ ఆవిడ వేళ్లు ఆగిపోయాయి. నెమ్మదిగా తల ఎత్తింది. సరోజ ఖాళీ ట్రే గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది.

"మీ పాపా?" అంది అరుంధతి.

"అవునండి. మా పైడి."

అరుంధతి లాప్‌టాప్ మూసేసింది. "ఏప్రిల్లో వీడు ప్లేస్కూల్‌కి వెళ్తాడు. ఒక్క నాలుగు నెలలు ఆగు సరోజా. తర్వాత నేనే పంపిస్తాను."

"సరేనండి," అంది సరోజ. పెద్దవాళ్లకి ఆర్నెల్లూ నాలుగు నెలలూ ఒక్క నిమిషం లాంటివే. పిల్లలకి అలా కాదని ఆవిడ ఆఫీసు పుస్తకాల్లోనే రాసి ఉంటుంది.

తర్వాత వారంలో అరుంధతి ఒకరోజు తొందరగా ఇంటికొచ్చి, లోపల జీడిపిక్క కథ సాగుతుంటే తలుపు బయటే నిలబడి విన్నది. వాళ్ల సంస్థ అంగన్వాడీల కోసం కథలు రికార్డు చేయిస్తోంది. తెలుగు కథలకి ఎవరో శిక్షణ పొందిన ఆవిడని పెడితే, గొంతులో పంచదార పోసుకున్నట్టు చదివింది. ఒక్క పిల్లా వినలేదు.

"నువ్వు చెబుతావా సరోజా?" అంది అరుంధతి. "మీ ఊరి అంగన్వాడీలోనూ వినిపిస్తారు. మీ పైడి కూడా వింటుంది."

ఆ ఆఖరి మాట అనకపోతే సరోజ ఒప్పుకునేదే కాదు.

స్టూడియో నోయిడాలో ఉంది. ఆ రోజు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే కారు నడుస్తోందా నిలబడిందా తెలియలేదు. సరోజని అద్దాల గదిలో ఒక్కదాన్నే కూచోబెట్టి, మూతి ముందు మైకు పెట్టి, చెవులకి డిప్పలు తగిలించారు. అద్దం అవతల అరుంధతీ, రికార్డు చేసే అతనూ. "బోలియే దీదీ," అన్నాడతను.

సరోజ నోరు తెరిచింది. మాట రాలేదు. కాగితం మీద "చిన్నారులూ, వినండి" అని ఉంది. అది చదివితే తనకే ఎవరో పక్కింటి మనిషి మాట్లాడినట్టుంది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ అంతే. జీతం మాటలకే తీసుకునే మనిషికి నోట మాట రాకపోవడం ఎంత నామర్దా!

"ఎదర గుంట లేకుండా కతెలా సెప్పడమమ్మగోరూ?" అంది చెమటలు తుడుచుకుంటూ.

"ఎవరినైనా ఊహించుకో," అని అరుంధతి గొంతు చెవుల్లో పలికింది.

సరోజ కళ్లు మూసుకుంది. పైడిని తెచ్చి ఎదురుగా కూచోబెట్టుకోవాలని చూసింది. ఇప్పటి పైడి రాలేదు. ఎంత పొడుగైందో, ఎలా కూచుంటుందో, కథ వింటూ వేలు నోట్లో పెట్టుకుంటుందో జుట్టు మెలిపెడుతుందో తనకి తెలిస్తే కదా రావడానికి! వచ్చింది మాత్రం పదకొండు నెలల పైడి. కింద రెండు పళ్లూ, నెత్తిన పిలకా. సరోజ ఆ పిల్లకే చెప్పింది. "ఒలే పైడీ, ఇను," అని మొదలుపెట్టింది. నడుమ నాలుగుసార్లు పిల్లని పేరు పెట్టి పిలిచింది. చివర, తలుపుకి నోరానించి తల్లి కబుర్లు చెప్పే చోట, గొంతు దిగిపోయి, "ఒలే పైడీ, పడుకోకే, ఇను," అంది. అది కథలో లేని మాట. కళ్లు తెరిస్తే రికార్డు చేసే అతను కుర్చీలో ముందుకు వంగి ఉన్నాడు. అతనికి తెలుగు ముక్క రాదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అరుంధతి ఫోన్లో అతనితో చెప్పింది, పైడీ అన్న పేరు వచ్చినచోటల్లా తీసేయమని. ఏ పిల్ల విన్నా తన కోసమే చెబుతున్నట్టు ఉండాలి కదా. అందులో తప్పేముంది? సరోజ కిటికీ వైపు తిరిగి కూచుంది. బయట మంచు తప్ప ఏమీ కనబడలేదు. తన పిల్ల పేరు ఆ మంచులోనే ఎక్కడో కలిసిపోయిందనుకుంది.

మార్చి వచ్చింది. ఎండలు ముదరకపోయినా పార్కులో బెంచీలు వేడెక్కుతున్నాయి. ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోను. వాళ్ల ఊరి అంగన్వాడీ టీచరు కృష్ణకుమారి.

"సరోజా, మీ గుంటకి మాటొచ్చీసిందే!" అందావిడ, హలో కూడా లేకుండా. గొంతునిండా సంబరం. "ఇయ్యాల నీ కత పెట్టేను. ఆఫీసోలిచ్చిన పెట్టెలోంచి నీ గొంతు రాగానే మీ గుంట ఆట మానీసి నిలబడిపోనాది. కత అంతా కదల్లేదు. సివర్లో 'ఒలే పైడీ, పడుకోకే, ఇను' అన్నావా, పిల్లలంతా దానికేసి తిరిగేరు!"

తెలుగు రాని ఆ రికార్డు మనిషి పైడీ అన్న పేరు మొదటి అయిదుసార్లూ తీసేసి, గొంతు దిగిపోయినచోట ఆరోది పోల్చుకోలేక వదిలేశాడు. ఎన్ని వందల అంగన్వాడీల్లో ఆ పెట్టె ఉందో, అన్నిచోట్లా ఇప్పుడు సరోజ తన కూతుర్ని పడుకోవద్దంటోంది.

"అప్పుడేటయింది?" అంది సరోజ.

"అప్పుడది పెట్టెకాడికెల్లి ఎనక్కి తొంగి సూసింది. బల్లకింద సూసింది. బయటికెల్లి అరుగు మీద సూసింది. మల్లీ లోపలికొచ్చి నా సీర కుచ్చిళ్లు పట్టుకుని 'అమ్మ ఏదీ?' అందే! రెండు మాటలు కలిపి అడిగిందే సరోజా! దాని కార్డులో మాటల కాడ టిక్కు పెట్టీసేను. పై ఆఫీసుకి కూడా రాసేను."

"నువ్వేటన్నావు?"

"నానేటంటాను? మల్లీ పెట్టమని ఏడుపు. ఏడుసార్లు పెట్టేను." అక్కడ కృష్ణకుమారి గొంతులో సంబరం కొంచెం జారింది. "ఏడుసార్లూ ఎనక్కెల్లి సూసింది."

ఫోను పెట్టేశాక సరోజ వంటింటి గచ్చు మీద కూలబడింది. పిల్లకి మాట వచ్చినందుకు కడుపు పొంగిపోయింది. ఆ వచ్చిన మాట ఏమిటో తలుచుకుంటే అదే కడుపు తరుక్కుపోయింది. ఏది ఎక్కువో ఆమెకి తెలియలేదు, రెండిటికీ కలిపి ఒకే ఏడుపు ఏడ్చింది. నిద్ర లేచి వచ్చిన సాత్విక్ ఆమె ఒళ్లో కూచుని, చెంపలు తుడిచి, "ఏటి నానా, ఏటయింది?" అన్నాడు. అచ్చం ఆమెలాగే అన్నాడు.

అరుంధతి చీకటి పడకముందే వచ్చింది. ఆవిడకీ కబురు అందింది. పేరు మిగిలిపోయిన సంగతీ, పలాస దగ్గర ఒక పిల్ల మాట్లాడిన సంగతీ. పై ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ మెయిలు కూడా వచ్చిందట. ఆ మాట చెప్పబోయి, సరోజ మొహం చూసి ఆపేసింది.

"నానెల్లిపోతానమ్మగోరూ," అంది సరోజ. "రెండ్రోజుల్లో టిక్కెట్టు తీయించండి."

"ఏప్రిల్..." అంది అరుంధతి. కుర్చీ లాక్కుని ఫ్రిజ్ ఎదురుగా కూచుంది. "ఈ కాగితం ఫోటో పోయినేడు స్విట్జర్లాండ్‌లో నాలుగొందల మందికి చూపించాను సరోజా," అంది. "ఉద్యోగం చేస్తూ కూడా ఒక తల్లి ఆరూ ఎలా చేస్తుందో చూడండని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. కొడుతుంటే నేనూ కొట్టాను."

సరోజ ఆవిడ మీద కోపం వస్తుందేమోనని ఎదురు చూసింది. రాలేదు. పెద్ద ఇంట్లో, ఇంత పెద్ద ఊళ్లో, తనలాగే ఈవిడ కూడా ఒంటరిదేనని మొదటిసారి అనిపించింది. కానీ ఆ జాలి కోసం ఆగే రోజులు అయిపోయాయి.

"టికెట్ రేపే తీస్తాను," అంది అరుంధతి కళ్లు తుడుచుకుని. "ఒక్క పని చేసిపెట్టు. వెళ్లేలోపు వాడి కోసం ఒక పది కథలు నా ఫోన్లో చెప్పి వెళ్లు. రోజుకొకటి వినిపిస్తాను. బెంగపెట్టుకోకుండా ఉంటాడు."

"వొద్దమ్మగోరూ," అంది సరోజ.

రెండున్నరేళ్లలో ఆమె ఆ ఇంట్లో కాదన్నది అదే మొదటిసారి. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఆడూ ఎనక్కెల్లి ఎతుకుతాడు," అంది సరోజ. "నాకు తెలుసు కదా ఇప్పుడు. మీరు సెప్పండి."

"నాకు రాదు సరోజా." ఆ మాట అంటుంటే అరుంధతి మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. "కథ ఎందుకు చెప్పాలో నాకు తెలుసు. ఎలా చెప్పాలో తెలీదు."

"రాపోతే తప్పులు సెప్పండి. ఆడే దిద్దుతాడు."

మర్నాడు అరుంధతి సెలవు పెట్టింది. సాయంత్రం పార్కు నుంచి వచ్చాక సాత్విక్‌ని ఒళ్లో కూచోబెట్టుకుని జీడిపిక్క కథ మొదలుపెట్టింది. సరోజ వంటింట్లో నేల మీద కూచుని సంచీ సర్దుకుంటోంది. పైడికి గౌను ఏ కొలతకి కొనాలో తెలియక రెండు కొలతలవి కొంది.

"అనగనగా ఒక జీడిమామిడి పండు ఉండేదట. అది ఇల్లు శుభ్రం చేసుకుంటోందట..."

"అలాక్కాదు," అన్నాడు సాత్విక్. "ఊడుస్తంది. సీపురు తేవాలి."

"సరే, చీపురు తెచ్చిందట."

"అలాక్కాదు! అత్త సెప్పాలి. అత్తా!"

సరోజ చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. "అత్తా!" అని మళ్లీ పిలిచాడు. ఆ పిలుపుకి రెండున్నరేళ్లుగా ఎక్కడున్నా పరుగున వెళ్లడమే ఆమె ఎరిగింది. మూడోసారి పిలిచేసరికి గొంతులో ఏడుపు జీర వినబడింది. సరోజ రెండు చేతులతోనూ గడప పట్టుకుని కూచుంది. పలకలేదు. ఇంత కష్టమైన పని ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ చేయలేదు.

తర్వాత అరుంధతి గొంతు, ఈసారి కొంచెం తడబడుతూ, "సీపురు తెచ్చింది నాన్నా. తర్వాత ఏం చేసింది? నువ్వు చెప్పు," అంది. పిల్లాడు ముక్కు ఎగబీల్చి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ఊఁ కొట్టింది. అరుగూ వచ్చింది, వానా వచ్చింది, తలుపూ బిగుసుకుంది.

"తలుపెప్పుడు తీత్తాది?" అని అడిగాడు సాత్విక్.

ఆ జవాబు అరుంధతికి సరోజ చెప్పలేదు, మరిచిపోయింది. ఎండ కాసినాక అన్న మాట సరోజ నాలిక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"నాకూ తెలీదురా," అంది అరుంధతి. "మనిద్దరం ఇక్కడే కూచుని చూద్దామా?"

ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో సరోజ వినలేదు. సంచీ జిప్పు లాగేసి, ఫోను తీసి ఇంటికి చేసింది. తల్లి ఇంకా బట్టీ నుంచి వచ్చినట్టు లేదు, ఎవరో పక్కింటి పిల్ల ఎత్తి పైడి చేతికిచ్చింది. అటు నుంచి ఊపిరి.

ఫోను వెనక్కి తిప్పి చూస్తోందేమో ఇప్పుడు. తీరా రైలు దిగి ఎదురుగా నిలబడితే మళ్లీ అమ్మమ్మ వెనక దాక్కుంటుందేమో. వెతకడం వేరు, కనబడ్డాక రావడం వేరు. మూడు వేళ్లు పట్టుకోనివ్వడానికి ఈసారి ఎన్నాళ్లు పడుతుందో? ఎన్నాళ్లయినా, ఈసారి పన్నెండో రోజున రైలు లేదు.

"ఒలే పైడీ," అంది సరోజ, "నాను పెట్టెలో లేనే. వొత్తన్నాను. అరుగు మీద కూకో."